సీట్లు వచ్చాయి, గ్రామసభ ఇంకా ఖాళీగానే ఉంది: మన ఆడవాళ్ళ రాజకీయ చరిత్ర



మన గ్రూపులో పోడు పట్టాల గురించి, జీవో 3 గురించి, మన భాషల గురించి చాలా పోస్టులు వచ్చాయి. రాజకీయాల్లో మన ఆడవాళ్ళ గురించి రాసినవి తక్కువ. నేను డిగ్రీలో పొలిటికల్ సైన్స్ చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. క్లాసులో "మహిళలు – రాజకీయ భాగస్వామ్యం" అని ఒక పాఠం ఉంది. అందులో సరోజినీ నాయుడు ఉన్నారు, దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఉన్నారు, 33 శాతం ఉంది. మన ఏజెన్సీ ఊసు ఒక్క లైనైనా లేదు. అందుకే తెలిసినంత వరకు ఒక వరుసలో పెట్టి రాస్తున్నాను. పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక లెక్క

ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 175 సీట్లు. అందులో ఎస్టీలకు 7: పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు వ్యాలీ, పాడేరు, రంపచోడవరం, పోలవరం. అసెంబ్లీలో ఆడవాళ్ళకంటూ ఇప్పటిదాకా రిజర్వేషన్ అమలు కాలేదు. అయినా చూడండి.

2014లో ఈ ఏడింటిలో నాలుగు చోట్ల ఆడవాళ్ళే గెలిచారు. పాలకొండలో విశ్వాసరాయి కళావతి, కురుపాంలో పాముల పుష్పశ్రీవాణి, పాడేరులో గిడ్డి ఈశ్వరి, రంపచోడవరంలో వంతల రాజేశ్వరి. 2019లో మళ్ళీ నలుగురు. కళావతి, పుష్పశ్రీవాణి రెండోసారి గెలిచారు. పాడేరు నుంచి కొట్టగుళ్ళి భాగ్యలక్ష్మి, రంపచోడవరం నుంచి నాగులపల్లి ధనలక్ష్మి వచ్చారు. 2024లో ముగ్గురు: కురుపాంలో తోయక జగదీశ్వరి, సాలూరులో గుమ్మిడి సంధ్యారాణి, రంపచోడవరంలో మిరియాల శిరీషాదేవి.

మూడు ఎన్నికలు, ఏడేసి సీట్లు, మొత్తం 21 గెలుపులు. అందులో 11 ఆడవాళ్ళవి, అంటే సగం పైనే. మొత్తం అసెంబ్లీ తీసుకుంటే ఈ మూడు ఎన్నికల్లో ఏ ఒక్కసారీ ఆడవాళ్ళు ఆరో వంతుకు కూడా చేరలేదు.

అరకు పార్లమెంటు సీటు చూడండి. 2014లో కొత్తపల్లి గీత, 2019లో గొడ్డేటి మాధవి, 2024లో గుమ్మా తనుజారాణి. వరసగా ముగ్గురూ ఆడవాళ్ళే. మాధవి అక్క టీచరుగా పనిచేసి వచ్చి, కేంద్రంలో గిరిజన మంత్రిగా చేసిన కిశోర్ చంద్రదేవ్‌ మీద రెండు లక్షల పైచిలుకు ఓట్ల తేడాతో గెలిచారు. తనుజారాణి గారు డాక్టరు.

తెలంగాణలో 2018లో 119 మందిలో గెలిచిన ఆడవాళ్ళు ఆరుగురే. ఆ ఆరుగురిలో ముగ్గురు ఎస్టీ సీట్ల నుంచి వచ్చినవాళ్ళు: ములుగులో సీతక్క, ఖానాపూర్‌లో రేఖా నాయక్, ఇల్లందులో బానోత్ హరిప్రియ.

"ఆదివాసీ ఆడవాళ్ళు వెనకబడి ఉన్నారు, వాళ్ళకి రాజకీయం తెలీదు" అని మైదానం వాళ్ళు మనకి చెప్తుంటారు కదా. ఈ లెక్క చూస్తే ఆ మాట నిలబడదు. అయితే ఇది చూసి "మనకంతా వచ్చేసింది" అని సంబరపడిపోవాలా? అది తేల్చుకోవాలంటే వందేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

ఓటు ఇచ్చినప్పుడు మనం లేము

1917 డిసెంబరులో భారత మంత్రి మాంటేగు మద్రాసు వచ్చినప్పుడు సరోజినీ నాయుడు ముందుండి ఒక మహిళా బృందం ఆయన్ని కలిసింది. మగవాళ్ళకి ఏ షరతు మీద ఓటు ఇస్తారో అదే షరతు మీద మాకూ ఇవ్వండి అని అడిగారు. 1921లో మద్రాసు రాష్ట్రం ఆడవాళ్ళకి ఓటు ఇవ్వడానికి ఒప్పుకుంది. దేశంలో అలా ఒప్పుకున్న మొదటి రాష్ట్రం అదే. మన కోస్తా జిల్లాలు, ఏజెన్సీ అప్పుడు ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి.

కానీ ఆ ఓటు ఆస్తి ఉన్నవాళ్ళకి, పన్ను కట్టేవాళ్ళకి. పైగా మన కొండ ప్రాంతం మామూలు పాలనలో లేదు. 1839 చట్టం నుంచి గంజాం, విశాఖ ఏజెన్సీలను కలెక్టరే గవర్నరు ఏజెంటుగా పాలించేవాడు. 1874లో షెడ్యూల్డ్ జిల్లాల చట్టం వచ్చింది. 1919 చట్టంలో మనల్ని "వెనుకబడిన ప్రాంతాలు" అన్నారు. పేర్లు మారినా పద్ధతి ఒకటే. మైదానంలో చేసిన చట్టం మన దగ్గర ఆటోమేటిగ్గా అమలు కాదు, మన తరఫున మాట్లాడేవాళ్ళని మనం ఎన్నుకునేదీ లేదు.

1935 చట్టం కింద మద్రాసు శాసనసభకి 215 సీట్లు పెట్టారు. ఆడవాళ్ళకి ప్రత్యేకంగా 8. వెనుకబడిన ప్రాంతాలు, తెగల వాళ్ళకి 1. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. ఆడవాళ్ళు అంటే మైదానం ఆడవాళ్ళు, తెగలు అంటే తెగల్లో మగవాళ్ళు. మా అమ్మమ్మ తల్లి ఈ రెండు గడుల్లో ఎందులోనూ పట్టదు.

అటు నిజాం రాజ్యంలో ఉన్న ఆదిలాబాద్, వరంగల్, ఖమ్మం వైపు మన వాళ్ళకి ఈ మాత్రం చర్చ కూడా లేదు. గోండు, కోయ, కొలాం ఆడవాళ్ళు పేదా గొప్పా తేడా లేకుండా అందరితో సమానంగా ఓటు వేసింది స్వాతంత్ర్యం తర్వాత జరిగిన మొదటి ఎన్నికల్లోనే.

రాజ్యాంగ సభలో ఖాళీ కుర్చీ

రాజ్యాంగం రాసిన సభలో 15 మంది ఆడవాళ్ళు ఉన్నారు. మన తెలుగు నేల నుంచి రాజమండ్రికి చెందిన దుర్గాబాయి ఉన్నారు. దళిత మహిళ ఒక్కరు, కేరళకి చెందిన దాక్షాయణీ వేలాయుధన్. ఆదివాసీ మహిళ ఒక్కరూ లేరు.

ఆ సభలో మన గొంతుగా నిలబడింది ఛోటానాగ్‌పూర్‌కి చెందిన జైపాల్ సింగ్ ముండా. 1928 ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన హాకీ జట్టు కెప్టెన్ ఆయనే. 1946 డిసెంబరు 19న ఆయన మాట్లాడిన ప్రసంగం మనలో చాలామందికి తెలుసు. ప్రజాస్వామ్యం ఆదివాసీలకి మీరు నేర్పక్కర్లేదు, వాళ్ళ దగ్గర మీరే నేర్చుకోవాలి అన్న అర్థంలో చెప్పిన మాట పోస్టర్ల మీద కూడా వేస్తాం. అదే ప్రసంగంలో ఆయన ఇంకో మాట కూడా అన్నారు. ఈ సభలో మగవాళ్ళు మరీ ఎక్కువున్నారు, ఆడవాళ్ళు ఇంకా కావాలి అన్నారు. మొదటి మాట పోస్టరు మీదకి ఎక్కింది, రెండో మాట మనం కూడా మర్చిపోయాం.

1951–52లో మొదటి ఎన్నికలు. 21 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు. జాబితా రాసేటప్పుడు ఉత్తరాది రాష్ట్రాల్లో చాలామంది ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు. "ఫలానా వాడి భార్య", "ఫలానా వాడి తల్లి" అనే రాయించారు. సొంత పేరు లేకుండా ఓటు ఉండదని ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ పట్టుబట్టారు. దాంతో సుమారు 28 లక్షల మంది పేర్లు జాబితా నుంచి పోయాయి. అప్పుడు అది నష్టంలా కనిపించింది గానీ, ఆడమనిషికి తన పేరుతోనే ఓటు ఉండాలి అన్న నియమం అక్కడ గట్టిపడింది. ఈ "పేరు" సంగతి గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ వస్తుంది.

పంచాయతీ: దయతో ఇద్దరు, తర్వాత మూడో వంతు, తర్వాత సగం

1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ పంచాయతీరాజ్ గురించి రిపోర్టు ఇచ్చింది. ఆడవాళ్ళు పిల్లల పనుల్లో ఆసక్తి ఉన్న ఇద్దరు మహిళలని సమితిలో చేర్చుకోమంది. చేర్చుకోవడం అంటే ఎన్నిక కాదు. ఉన్న మెంబర్లు తమకి నచ్చినవాళ్ళని తెచ్చుకోవడం. 1959లో షాద్‌నగర్‌లో నెహ్రూ మన రాష్ట్రంలో పంచాయతీరాజ్ ప్రారంభించారు. అక్కడి నుంచి దాదాపు ముప్పై ఐదేళ్ళు మన ఏజెన్సీ ఊళ్ళలో ఆడమనిషి సర్పంచ్ కావడం అరుదు.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. మెంబర్లలో, సర్పంచుల్లో మూడో వంతుకి తగ్గకుండా ఆడవాళ్ళు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ సీట్లలో కూడా మూడో వంతు ఆ వర్గం ఆడవాళ్ళకే. అయితే ఆ సవరణలోనే ఇంకో సంగతి రాశారు. పార్లమెంటు విడిగా చట్టం చేసేదాకా ఇది షెడ్యూల్డ్ ప్రాంతాలకి వర్తించదు. ఎందుకంటే మన ఊళ్ళకి మన పద్ధతులు ఉన్నాయి, వాటికి తగ్గట్టు చట్టం కావాలి. దిలీప్ సింగ్ భూరియా కమిటీ 1995లో రిపోర్టు ఇచ్చింది. 1996 డిసెంబరు 24న పెసా చట్టం వచ్చింది. అంటే మైదానం కంటే మనకి సరిగ్గా మూడేళ్ళ ఎనిమిది నెలలు ఆలస్యం.

పెసా ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో అన్ని స్థాయిల్లో అధ్యక్ష పదవులన్నీ ఎస్టీలవే. మెంబర్లలో కనీసం సగం ఎస్టీలు. ఆంధ్రప్రదేశ్ 1998లో తన పంచాయతీ చట్టం మార్చింది. రూల్స్ మాత్రం 2011లో వచ్చాయి. చట్టం పుట్టిన పద్నాలుగేళ్ళ తర్వాత అన్నమాట. ఆ 2011లోనే ఉమ్మడి రాష్ట్రంలో ఆడవాళ్ళ కోటా మూడో వంతు నుంచి సగానికి పెరిగింది. 2013 పంచాయతీ ఎన్నికలు ఆ సగం మీదే జరిగాయి. తెలంగాణ 2018 చట్టంలో కూడా సగం ఉంచారు. ఆ చట్టంతోనే వెయ్యికి పైగా తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి.

ఇప్పుడు మన ఏజెన్సీలో సర్పంచుల్లో సగం మంది అక్కలు, అమ్మలు. మా పక్క పంచాయతీ సర్పంచమ్మ సంతలో చింతపండు అమ్మేది. ఇప్పుడు మండల మీటింగులో కూర్చుంటుంది. ఇది చిన్న మార్పు అని నేను అనను.

ఇచ్చిన చేత్తోనే తీసుకున్నవి

అయితే సీటుతో పాటు వచ్చిన అడ్డంకులు కూడా చెప్పుకోవాలి.

ఒకటి, ఇద్దరు పిల్లల నిబంధన. 1994 పంచాయతీ చట్టంలో ఇద్దరి కంటే ఎక్కువ మంది పిల్లలున్నవాళ్ళు పోటీకి పనికిరారు అని పెట్టారు. చూడ్డానికి అందరికీ ఒకటే రూలు. కానీ ఎంతమంది పిల్లలు అన్నది మన ఊళ్ళలో ఆడమనిషి ఒక్కతే తేల్చే విషయమా? దవాఖానా కొండ కింద ఉండి, పుట్టిన బిడ్డ బతుకుతాడో లేదో తెలియని చోట ఇద్దరితో ఆపమని ఎవరికి చెప్తాం? ఊళ్ళో పెద్దరికం ఉండి, పది మందిని ఒప్పించగల నలభై ఏళ్ళ ఆడవాళ్ళు ఈ రూలుతో పక్కకి పోయారు. సీటు ఖాళీగా ఉండకూడదని కొత్తగా కోడలుగా వచ్చిన పిల్లని నిలబెట్టారు. ఆంధ్రప్రదేశ్ ఈ నిబంధనని 2024లో తీసేసింది. ముప్పై ఏళ్ళు పట్టింది.

రెండు, "సర్పంచ్ గారి భర్త". దీని గురించి అందరికీ తెలుసు. సర్పంచ్ ఆమె, "సర్పంచ్ గారూ" అని పిలిస్తే పలికేది ఆయన. చెక్కు మీద సంతకం ఆమెది, ఏ పని ఎవరికివ్వాలో చెప్పేది ఆయన. ఇది మైదానంలోనూ ఉంది, మనకొక్కరికే అంటగట్టక్కర్లేదు.

మూడోది మాత్రం మన ప్రాంతానికే సొంతం. షెడ్యూల్డ్ ఏరియాలో భూమి గిరిజనేతరుల పేరు మీదకి పోకుండా 1/70 చట్టం ఉంది. సర్పంచ్ పదవి గిరిజనులకే అని పెసా ఉంది. ఈ రెండు గోడలు దాటడానికి కొందరు బయటివాళ్ళు కనిపెట్టిన దారి మన ఆడపిల్ల. ఆమెని పెళ్ళి చేసుకుని భూమి ఆమె పేరు మీద కొనడం, మహిళా రిజర్వేషన్ వచ్చినప్పుడు ఆమెతో నామినేషన్ వేయించడం. ప్రేమించి పెళ్ళి చేసుకున్నవాళ్ళని నేనేమీ అనట్లేదు, అది వాళ్ళ ఇష్టం. కానీ ఆమె పేరుని ఒక సర్టిఫికెట్‌లా వాడుకోవడం వేరే విషయం. 1952లో ఆడవాళ్ళకి సొంత పేరు ఉండాలని పట్టుబట్టారు. ఇప్పుడు పేరు ఉంది, ఆ పేరుతో నడిపేది ఇంకొకరు.

మన ఇంటి సంగతి కూడా

బయటివాళ్ళ గురించి మాత్రమే రాస్తే సగమే రాసినట్టు.

మనం సమ్మక్క సారలమ్మలని మొక్కుతాం. కాకతీయ రాజుకి కప్పం కట్టేది లేదని తల్లీ కూతుళ్ళు ఎదురు తిరిగారని మన పెద్దలు చెప్తారు. రెండేళ్ళకోసారి మేడారంలో ఆ ఇద్దరు ఆడవాళ్ళని గద్దెల మీదకి తెస్తారు. మన ఆడవాళ్ళు కొండకెళ్తారు, సంతకెళ్తారు, ధర బేరమాడతారు. ఇష్టం లేని కాపురం వదిలి రాగలరు, మారుమనువు చేసుకోగలరు. చాలా తెగల్లో కట్నం లేదు, అబ్బాయి వాళ్ళే ఓలి ఇస్తారు. ఇవన్నీ నిజమే, గర్వంగా చెప్పుకోవాల్సినవే.

అయితే ఊరి పంచాయితీ దగ్గర ఎవరు కూర్చుంటారు? గోండుల్లో పటేల్, దేవారి, మన వైపు ముఠాదారు, కులపెద్ద... ఈ పదవులు తండ్రి నుంచి కొడుకుకి పోయేవే. ఆడవాళ్ళ తగువు తీర్చేటప్పుడు కూడా ఆడవాళ్ళు కొంచెం దూరంగా గోడ పక్కన నిలబడి వింటారు. అడిగితే చెప్తారు, అడగకపోతే లేదు. జైపాల్ సింగ్ చెప్పిన మన ప్రజాస్వామ్యంలో ఈ ఒక్క లోటు పాతదే. అది బ్రిటిష్ వాడు పెట్టింది కాదు. మన ముసలివాళ్ళని అగౌరవపరచడానికి ఇది రాయడం లేదు. మార్చుకోగలిగింది మన చేతిలోనే ఉంది కాబట్టి రాస్తున్నాను.

అసలు అధికారం ఎక్కడుంది?

ఎమ్మెల్యే సీటు పెద్దదే. ఐదో షెడ్యూలు ప్రకారం గిరిజన సలహా మండలిలో నాలుగింట మూడు వంతుల మంది ఎస్టీ ఎమ్మెల్యేలు ఉండాలి. కాబట్టి మన అక్కలు అక్కడా కూర్చుంటారు. పుష్పశ్రీవాణి గారు ఉప ముఖ్యమంత్రిగా గిరిజన శాఖ చూశారు. ఇప్పుడు సంధ్యారాణి గారు గిరిజన, మహిళా సంక్షేమ శాఖలు చూస్తున్నారు. 2023 డిసెంబరులో తెలంగాణ పంచాయతీరాజ్ మంత్రి అయింది సీతక్క. ఒకప్పుడు అడవిలో తుపాకీ పట్టి, తర్వాత లా చదివి, గుత్తికోయల మీద ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసిన కోయ బిడ్డ.

కానీ ఎమ్మెల్యే పార్టీ టికెట్ మీద గెలుస్తారు. టికెట్ ఇచ్చేవాడు కొండ మీద ఉండడు. ఎస్టీ సీట్లలో పార్టీలు ఆడవాళ్ళకి ఎందుకు ఎక్కువ ఇస్తున్నాయి? నాకు అనిపించింది చెప్తాను. జనరల్ సీట్లో ఆడమనిషిని నిలబెట్టాలంటే అక్కడ డబ్బూ కులబలం ఉన్న ఒక మగ నాయకుడిని పక్కకి జరపాలి. ఎస్టీ సీట్లో పార్టీకి ఆ ఇబ్బంది తక్కువ. మహిళలకి ఇచ్చాం అన్న పేరూ వస్తుంది. కారణం ఏదైనా గెలిచినవాళ్ళ కష్టం వాళ్ళదే. కాకపోతే పార్టీ ఇచ్చిన సీటు పార్టీయే వెనక్కి తీసుకోగలదు.

2023లో పార్లమెంటు చేసిన మహిళా రిజర్వేషన్ చట్టం కూడా ఇక్కడే ఆలోచించాలి. 1996లో మొదటిసారి బిల్లు పెట్టారు, 2010లో రాజ్యసభ దాటింది, 2023 సెప్టెంబరులో లోక్‌సభలో 454 మంది ఒప్పుకుంటే ఇద్దరు కాదన్నారు. ఎస్టీ సీట్లలో కూడా మూడో వంతు ఆడవాళ్ళకి. జనగణన, ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలు అని చట్టంలోనే షరతు పెట్టారు. మంచి చట్టమే. కానీ ఏడు సీట్లలో మూడో వంతు అంటే రెండో మూడో. మనం ఇప్పటికే మూడు, నాలుగు గెలుస్తున్నాం. ఆంధ్రా ఏజెన్సీ వరకు ఆ చట్టం కొత్తగా తెచ్చేది తక్కువ. మనకి లోటు ఉన్నది ఇంకో చోట.

ఆ చోటు గ్రామసభ. పెసాలో గ్రామసభకి, పంచాయతీకి ఇచ్చిన అధికారాలు ఒకసారి చదవండి. సారా, మద్యం అమ్మకం ఆపడం లేదా అదుపు చేయడం. చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం. భూమి అన్యాక్రాంతం కాకుండా చూడటం. సంతల నిర్వహణ. అప్పుల వ్యాపారం మీద అదుపు. ఇవి కాక భూసేకరణకి ముందు సంప్రదింపు ఉండాలి.

ఇప్పుడు మీ అమ్మ రోజు గుర్తు తెచ్చుకోండి. అడ్డాకులు కోసేది, చింతపండు, కొండచీపుర్లు, ఇప్పపువ్వు ఏరేది ఆమె. సంతకి మోసేది, తూకంలో మోసపోయేది ఆమె. షావుకారి దగ్గర అప్పు తెచ్చేది ఆమె. తాగి వచ్చినవాడిని భరించేది ఆమె. చట్టం గ్రామసభకి ఏ పనులు అప్పజెప్పిందో అవన్నీ ఆమె రోజూ చేసే పనులే. వాటి గురించి ఊళ్ళో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి సభలో లేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించడానికి రోడ్డెక్కారు. అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ అమ్మలకి చట్టం ఏ అధికారం ఇవ్వలేదు, కొట్లాడి తెచ్చుకున్నారు. మన ఊరికి అదే అధికారం తీర్మానం రూపంలో కాగితం మీద ఉంది. మనం వాడట్లేదు.

2006 అటవీ హక్కుల చట్టం ఇంకా గట్టిగా చెప్తుంది. అటవీ హక్కుల కమిటీలో మూడో వంతుకి తగ్గకుండా ఆడవాళ్ళు ఉండాలి. 2012 సవరణ రూల్స్ ప్రకారం ఈ చట్టం కింద జరిగే గ్రామసభకి ఊళ్ళో సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్ళలో కనీసం మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. లేకపోతే ఆ సభకి కోరం లేనట్టే. పెళ్ళయినవాళ్ళకి పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీద ఇవ్వాలి. మీ ఇంట్లో పోడు పట్టా ఉంటే ఈ సెలవుల్లో తీసి చూడండి, అమ్మ పేరు ఉందో లేదో.

మరి ఊళ్ళో ఏం జరుగుతోంది? మా గూడెంలో నాకు తెలిసినంత వరకు గ్రామసభ రిజిస్టరు ఇంటింటికీ వస్తుంది. "ఇక్కడ వేలు పెట్టమ్మా" అంటారు, మాయమ్మ పెడుతుంది. ఏం రాసి ఉందో ఎవరూ చదివి వినిపించరు. కాగితం మీద కోరం నిండిపోతుంది, మూడో వంతు ఆడవాళ్ళు కూడా నిండిపోతారు. రేపు ఏ కంపెనీయో, ఏ ప్రాజెక్టో వచ్చినప్పుడు "మీ ఊరు ఒప్పుకుంది, ఇదిగో తీర్మానం" అని చూపించేది ఆ వేలిముద్రలనే.

సభ నిజంగా జరిగితే ఏమవుతుందో మన పక్కనే రుజువుంది. పార్వతీపురం సరిహద్దు దాటితే ఒడిశాలో రాయగడ జిల్లా. నియమగిరి కొండ బాక్సైట్ కోసం కంపెనీకి ఇవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. రాయగడ, కలహండి జిల్లాల్లో పన్నెండు ఊళ్ళలో సభలు పెట్టారు. జడ్జి వచ్చి కూర్చున్నారు. డోంగ్రియా కోందు ఆడవాళ్ళు, మగవాళ్ళు లేచి తమ భాషలో మాట్లాడారు. పన్నెండుకి పన్నెండూ వద్దన్నాయి. ఎమ్మెల్యే కాదు, ఎంపీ కాదు, ఊరివాళ్ళు కూర్చుని కొండని నిలబెట్టుకున్నారు. ఆ కోందులు మన వైపు కూడా ఉన్నారు, మన చుట్టాలే.

మనం చేయగలిగినవి

నేను పెద్ద పెద్ద మాటలు చెప్పను. హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మన వల్ల అయ్యేవే రాస్తాను.

సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మీ పంచాయతీలో గ్రామసభ ఎప్పుడు జరిగింది, తీర్మానాల పుస్తకంలో ఏం రాశారు అని అడిగి చదవండి. తెలుగు రాని పెద్దవాళ్ళకి కువి, కోయ, గోండి, ఒడియా, లంబాడీ ఏ భాషైతే ఆ భాషలో చెప్పండి. మన చదువు ముందు అక్కరకి రావాల్సింది అక్కడే.

సభ సంత రోజు పెట్టొద్దని, వంట వేళ పెట్టొద్దని సర్పంచ్‌ని అడగండి. టైము మారితే వచ్చే ఆడవాళ్ళ సంఖ్య మారుతుంది. దీనికి జీవో అక్కర్లేదు.

మీ ఊరి సర్పంచ్ ఆడమనిషైతే పని గురించి ఆమెతోనే మాట్లాడండి. ఆమె భర్తని "సర్పంచ్ గారూ" అని పిలవడం మన తరం నుంచి మానేద్దాం. అన్నయ్యలు, తమ్ముళ్ళు ముఖ్యంగా ఇది చేయాలి.

రాయడం వచ్చిన చెల్లెళ్ళు గ్రామసభలో తీర్మానం రాసే పని అడిగి తీసుకోండి. ఏం రాయాలో తెలిసినవాళ్ళ చేతిలో పెన్ను ఉంటే రాయనివి రాసినట్టు చూపించడం కష్టం.

ఇంకోటి. పంచాయతీలో పోటీ చేయడానికి 21 ఏళ్ళు చాలు, ఎమ్మెల్యేకి 25. మనలో చాలామందికి ఇప్పటికే ఆ వయసు వచ్చేసింది, నాకు వచ్చే ఏడాది వస్తుంది. రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు 1997లో రాయరంగ్‌పూర్‌లో కౌన్సిలరుగా మొదలుపెట్టారు. రంపచోడవరం ఎమ్మెల్యే శిరీషాదేవి గారు అంగన్‌వాడీలో పనిచేసి వచ్చారు. వార్డు మెంబరు అంటే చిన్న పదవి అని నవ్వుతారు గానీ, ఊరి రిజిస్టరు అడిగి చూసే హక్కు అక్కడే మొదలవుతుంది. డిగ్రీ అయ్యాక ఉద్యోగం, పెళ్ళి అని మన గురించి ఇంట్లో లెక్కలు వేస్తుంటారు. ఆ లెక్కలో వార్డు మెంబరు అన్న మాట కూడా ఒకటి మనమే చేర్చాలి.

అసెంబ్లీలో మన అక్కలు కూర్చున్నారు, సంతోషమే. వాళ్ళని అక్కడ గట్టిగా నిలబెట్టేది కింద గ్రామసభలో కూర్చునే అమ్మలే. కింద సభ ఖాళీగా ఉంటే పైన సీటు పార్టీ దయ మీదే ఉంటుంది.

మీ ఊళ్ళో గ్రామసభకి ఎంతమంది ఆడవాళ్ళు నిజంగా వస్తారో, పట్టా మీద ఎవరి పేరుందో చూసి రాయండి. నలభై యాభై ఊళ్ళ సంగతి ఒక చోట చేరితే ఐటీడీఏకి తీసుకెళ్ళి చూపించడానికి మన చేతిలో ఒక కాగితం ఉంటుంది.

జోహార్.